కనుచూపు అవతల డ్రోన్‌కు అంకెల కాపలా

డ్రోన్‌ను కళ్లెదుట ఎగరేస్తున్న మనిషి చూపు ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. యంత్రం ఎక్కడుందో, ఎటు మొగ్గుతోందో కనిపెడుతుంది. దాని కింద మనుషులెవరైనా ఉన్నారేమో చూస్తుంది. ఆ దరిదాపుల్లోకి హెలికాప్టరో, చిన్న విమానమో వస్తోందేమో గమనిస్తుంది. గాలి, మబ్బు ఎలా మారుతున్నాయో పసిగడుతుంది. ఇవి నాలుగు వేరువేరు పనులన్న స్పృహ కూడా ఎగరేసేవారికి ఉండదు. తలెత్తి చూస్తే చాలు, అన్నీ జరిగిపోతాయి. డ్రోన్ చెట్ల వరస దాటి కనుమరుగైన క్షణంలో ఆ నాలుగూ ఒక్కసారే ఆగిపోతాయి. విమానయాన రంగంలో దీన్ని బీవీఎల్‌ఓఎస్ అంటారు, బియాండ్ విజువల్ లైన్ ఆఫ్ సైట్ అని. అలా ఎగరడానికి నియమం రాయబోయేవారు ఎంత దూరం పోనివ్వాలన్న ప్రశ్న కన్నా ముందు ఇంకొకటి తేల్చుకోవాలి: ఆగిపోయిన ఆ నాలుగు పనుల్లో ఏది ఎవరికి అప్పగించాలి?

నేను చదివిన నియమపత్రాల్లో ఈ ప్రశ్నను అన్నిటికన్నా ఓపిగ్గా విప్పింది సోరా. స్పెసిఫిక్ ఆపరేషన్స్ రిస్క్ అసెస్‌మెంట్ అన్న పేరుకు అది సంక్షిప్త రూపం. పలు దేశాల పౌర విమానయాన నియంత్రణ సంస్థల నిపుణులు కలిసి పనిచేసే జారస్ అనే బృందం దీన్ని తయారుచేసింది. 2.0 కూర్పు 2019లో వచ్చింది, బాగా సానబట్టిన 2.5 కూర్పు 2024లో వచ్చింది. దీన్ని పెద్ద ఎత్తున వాడకంలోకి తెచ్చింది యూరోపియన్ యూనియన్. అక్కడ 2020 డిసెంబరు 31 నుంచి అమలవుతున్న నిబంధనలు డ్రోన్ ప్రయాణాలను మూడు తరగతులు చేశాయి. 25 కిలోల లోపు డ్రోన్‌ను 120 మీటర్ల ఎత్తు మించకుండా కంటి ముందే ఎగరేస్తే అది ‘ఓపెన్’. మనుషులను మోసే స్థాయి ప్రమాదం ఉంటే ‘సర్టిఫైడ్’. దానికి విమానాలకు జరిపేంత తనిఖీ తప్పదు. మధ్యలో మిగిలిందంతా ‘స్పెసిఫిక్’. కనుచూపు దాటే ప్రయాణాలు ఎక్కువగా వచ్చి పడేది ఈ మధ్య తరగతిలోకే. అక్కడ అనుమతి కోరేవారు సాధారణంగా సోరా లెక్క కట్టి చూపించాలి.

ఈ పత్రాన్ని నేను ఒక పనితనంగా చూస్తాను. దీనిలోని ప్రతి భాగానికీ ఒక పని ఉంది, ఒక భాగం తేల్చిన అంకె రెండో భాగంలో సరిగ్గా ఇమిడిపోతుంది.

మొదటి భాగం ఆకాశంలో గీసే గీతలు. డ్రోన్ తిరగాల్సిన ప్రదేశాన్ని ముందుగా నిర్ణయిస్తారు. అది ఫ్లైట్ జాగ్రఫీ, పత్రంలోని బొమ్మలో దాని రంగు ఆకుపచ్చ. దాని చుట్టూ పసుపు రంగులో కంటింజెన్సీ వాల్యూమ్ ఉంటుంది. ఈదురుగాలి పక్కకు నెట్టినా, రేడియో సంబంధం కాసేపు తెగినా డ్రోన్ ఈ పసుపు వలయంలోకి జరగవచ్చు. జరిగిన వెంటనే ముందే రాసిపెట్టుకున్న పద్ధతి మొదలవాలి: వెనక్కి తిరిగి రావడమో, ఉన్నచోటే నిలవడమో, దగ్గర్లో ఎంచిపెట్టిన చోట దిగడమో. పసుపు కూడా దాటిందంటే అదుపు తప్పినట్టే లెక్క. ఇక మోటార్లు ఆపేయాలి, పారాచూట్ విప్పాలి. అలా పడిపోయే డ్రోన్ చేరే నేల కోసం ఎర్ర రంగు వలయం ఒకటి ఉంది, గ్రౌండ్ రిస్క్ బఫర్. దాని వెడల్పుకు మొదటి కొలత సులువు: 150 మీటర్ల ఎత్తున ఎగిరితే చుట్టూ కనీసం 150 మీటర్ల నేల వదలాలి. అయితే రెక్కల డ్రోన్ మోటారు ఆగినా గాలిలో జారుతూ చాలా దూరం పోతుంది, పారాచూట్ కట్టుకున్నది గాలివాటున కొట్టుకుపోతుంది. అలాంటివాటికి వాటి పడే తీరును బట్టి లెక్క వేరే కట్టాలి. ప్రయాణం మొదలుకాక ముందే డ్రోన్ ఎక్కడ పడాలో కూడా స్థలం కేటాయించిన నియమం ఇది. తప్పు జరగదని నమ్మి రాసింది కాదు గనుకే నమ్మబుద్ధవుతుంది.

రెండో భాగం నేల మీది మనుషులది. ఇక్కడ ఒక పట్టిక ఉంది, నా దృష్టిలో పత్రం మొత్తానికి అదే గుండెకాయ. అడ్డంగా డ్రోన్ పరిమాణం: ఒక మీటరు, మూడు, ఎనిమిది, ఇరవై, నలభై మీటర్లు. ఒక్కో పరిమాణానికీ ఒక వేగ పరిమితి జోడించారు. మీటరు డ్రోన్‌కు సెకనుకు 25 మీటర్లు, మూడు మీటర్ల దానికి 35. నిలువుగా జన సాంద్రత: ఎవరూ రాకుండా కాపలా పెట్టిన నేల, ఆ తర్వాత చదరపు కిలోమీటరుకు 5 మంది లోపు, 50 లోపు, 500 లోపు, 5,000 లోపు, 50,000 లోపు, ఆపైన. అడ్డం, నిలువు కలిసే గడిలో ఒక అంకె ఉంటుంది. అది గ్రౌండ్ రిస్క్ క్లాస్.

పట్టికలో బరువు లేకపోవడం గమనించాలి. మన దేశపు 2021 డ్రోన్ నియమాలు యంత్రాలను బరువును బట్టి విభజించాయి: 250 గ్రాములు, 2 కిలోలు, 25 కిలోలు, 150 కిలోలు అని. రిజిస్ట్రేషన్‌కూ లైసెన్స్‌కూ ఆ కొలత చక్కగా సరిపోతుంది, త్రాసు మీద పెడితే తేలిపోతుంది. సోరా అడిగే ప్రశ్న వేరు. పడిపోతున్న డ్రోన్ నేల మీద ఎంత మేర ఊడ్చుకుంటూ పోతుంది? రెక్కలు ఎంత వెడల్పుంటే, ఎంత వేగంగా వస్తే ఆ మేర అంత పెరుగుతుంది. ఆ మేరలో నిలబడిన మనిషికే ప్రమాదం. అందుకే పరిమాణం, వేగం, జనం అన్న మూడిటినీ పట్టుకున్నారు.

ఇక ఆ అంకెల లోపలి కిటుకు. 5 నుంచి 50కి, 50 నుంచి 500కి జనం పది రెట్లు పెరిగిన ప్రతిసారీ పట్టికలోని అంకె ఒకటి పెరుగుతుంది. మూడు మీటర్ల డ్రోన్ నిలువు వరస చూడండి: 5 లోపు జనానికి 3, 50 లోపు 4, 500 లోపు 5, 5,000 లోపు 6, 50,000 లోపు 7. పైకి మామూలు అంకెల్లా కనిపించే ఇవి నిజానికి సున్నాల లెక్క. వెనక ఉన్న లక్ష్యం, పది లక్షల గంటల ప్రయాణానికి ఒకటికి మించి ప్రాణనష్టం జరగకూడదని. అంత గణితాన్నీ పత్రం లోపలే దాచి, దరఖాస్తు రాసే మనిషి చేతిలో ఒకట్ల స్థానంలోని కూడికలు, తీసివేతలు మాత్రం పెట్టారు. పట్టిక గీయడంలో ఇంతకన్నా శ్రద్ధ నాకెక్కడా కనిపించలేదు.

ఒక ఉదాహరణతో పోదాం. రెండున్నర మీటర్ల రెక్కలున్న డ్రోన్ ఒకటి పెద్దాసుపత్రి నుంచి పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మందులు మోస్తోందనుకుందాం. మూడు మీటర్ల నిలువు వరస వర్తిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ సాంద్రత చదరపు కిలోమీటరుకు 300 పైచిలుకు. ఆ సగటు పట్టుకుని 500 లోపు వరసలో 5 అని రాసేస్తే కుదరదు. సోరాకు జిల్లా సగటు, రాష్ట్ర సగటు అక్కర్లేదు. డ్రోన్ దారి కింద, ఎర్ర వలయంతో సహా, అన్నిటికన్నా కిక్కిరిసిన చోటు ఏదో అదే అంకెను నిర్ణయిస్తుంది. తిన్నగా గీసిన దారి ఒక ఊరి నడిబొడ్డు మీదుగా పోయి, అక్కడ సాంద్రత వేలల్లో ఉంటే అంకె 6. అదే దారిని ఊరు తగలకుండా పొలాల మీదుగా వంపు తిప్పి, ఎక్కడా 50 దాటకుండా చూస్తే అంకె 4. మ్యాపు మీద పెన్సిల్ చేసిన ఆ వంపుతో ప్రమాదం వంద వంతుల్లో ఒక వంతుకు దిగింది. యంత్రంలో ఒక్క మర కూడా మారలేదు.

అంకెను ఇంకా దించుకునే ఉపాయాలను కూడా పత్రం తూకం వేసి ఇస్తుంది. జనం ఎక్కువసేపు ఇళ్లల్లో, పైకప్పుల కింద ఉండే ప్రాంతమైతే కొంత తగ్గింపు. వీధి ఖాళీగా ఉండే వేళల్లోనే ఎగిరితే కొంత. పారాచూట్ వంటివి పడే దెబ్బను మెత్తబరిస్తే కొంత. ఒక అంకె తగ్గించుకోవాలంటే ప్రమాదం దాదాపు 90 శాతం తగ్గుతుందని చూపాలి, రెండు అంకెలకు 99 శాతం. సున్నాల లెక్క ఇక్కడా చెక్కుచెదరదు. పైకప్పు వాదన అన్ని చోట్లా చెల్లదు కూడా. నాట్లు పడే రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో మన పల్లె జనం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొలాల్లోనే ఉంటారు. ఆ కాలంలో ఇక్కడ దరఖాస్తు రాసేవారు ఆ తగ్గింపు అడగకపోవడమే న్యాయం. తగ్గింపుకు అడుగు హద్దు ఒకటి పెట్టారు. జనాన్ని తప్పించే ఉపాయాలెన్ని చేసినా, కాపలా పెట్టి ఖాళీ చేయించిన నేలకు ఇచ్చిన అంకె కన్నా కిందికి దిగలేరు. అక్కడ మనుషులే లేరు కదా, లేనివారిని ఇంకా తగ్గించడం కుదరదు.

మూడో భాగం ఆకాశంలోని ఇతరులది. ఇక్కడ నాలుగు మెట్లు, ఏ నుంచి డీ వరకు. మరో విమానం వచ్చే అవకాశం దాదాపు లేని ప్రత్యేక గగనతలం ఏ. పల్లెల మీద 500 అడుగుల లోపు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) అదుపులో లేని ఆకాశం బీ. పట్టణాల మీదైతే సీ. విమానాశ్రయాల నియంత్రిత పరిధి డీ. మన మందుల డ్రోన్ బీలో పడుతుంది.

బీలో అడిగేవి చదివితే, ఆగిపోయిన కంటి పనుల్లో ఒకటి మళ్లీ ఎలా కూర్చారో తెలుస్తుంది. నిర్ణయించిన పరిధిలోకి వచ్చే విమానాల్లో సుమారు సగాన్ని గుర్తించగలగాలి. సీ మెట్టుకు పోతే అది 90 శాతం. గుర్తించాక పైలట్ ఇచ్చిన ఆజ్ఞ 5 సెకన్లలోపు డ్రోన్‌లో అమలు కావాలి. తప్పుకోవడానికి విన్యాసాలేమీ కోరరు, కిందికి దిగితే చాలు: దగ్గర్లోని చెట్ల ఎత్తుకో, 60 అడుగుల లోపుకో, అది కూడా నిమిషంలోపు. మనుషులున్న విమానం ఆ ఎత్తుకు సాధారణంగా రాదు గనుక డ్రోన్‌కు అదే సురక్షిత స్థానం. ఎలా గుర్తించాలన్నది పత్రం శాసించదు. రాడార్ పెట్టుకోవచ్చు, విమానాలు ప్రసారం చేసే ఏడీఎస్-బీ సంకేతాలను పట్టుకోవచ్చు. అమెరికాలో జిప్‌లైన్ సంస్థ డ్రోన్ మీదే మైకులు అమర్చి, దూరాన వస్తున్న విమానం చప్పుడును బట్టి దాన్ని కనిపెట్టే ఏర్పాటు చేసుకుంది. నేల మీద పరిశీలకులు లేకుండా కనుచూపు దాటి ఎగరడానికి అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2023 సెప్టెంబరులో ఆ సంస్థకు అనుమతినిచ్చింది. కన్ను పనిని చెవికి అప్పగించినా ఫలితం అదే అయితే చాలునన్నది ఈ తరహా నియమాలన్నిటికీ మూలం.

ఇప్పుడు నేల అంకె, ఆకాశం అక్షరం ఒక చోట కలుస్తాయి. రెండిటినీ మరో పట్టికలో పెడితే సెయిల్ అనే స్థాయి వస్తుంది, 1 నుంచి 6 దాకా. ఈ పట్టికలో కూడికలు లేవు, రెండిట్లో ఏది ఎక్కువ కఠినమైతే దాని మాటే చెల్లుతుంది. విమానాశ్రయ పరిధి అయిన డీలో నేల ఎంత ఖాళీగా ఉన్నా సెయిల్ 6 తప్పదు. కింద ఎవరూ లేరన్న సాకు, పైన విమానంలో ఉన్న ప్రయాణికులకు ఏ మేలూ చేయదు కాబట్టి.

మన ఉదాహరణకు వద్దాం. ఊరి మీదుగా పోయే దారిలో నేల అంకె 6, ఆకాశం బీ: సెయిల్ 5. పొలాల మీదుగా వంపు తిరిగిన దారిలో నేల అంకె 4, ఆకాశం బీ: సెయిల్ 3. నమ్మదగిన పారాచూట్ చేర్చి నేల అంకెను 3 చేస్తే సెయిల్ 2. ఈ స్థాయిల వెనకా సున్నాలే ఉన్నాయి. అదుపు తప్పే అవకాశం సెయిల్ 2లో ఉజ్జాయింపుగా వంద గంటలకు ఒకసారి, 3లో వెయ్యి గంటలకు, 5లో లక్ష గంటలకు. ఊరిని తప్పించి పోయేవారి యంత్రం, ఊరి మీదుగా పోయే యంత్రంతో పోలిస్తే వందో వంతు నమ్మకంగా ఉన్నా సరిపోతుంది. జనానికి మిగిలే ప్రమాదం రెండు చోట్లా ఒక్కటే. చిన్న సంస్థ దగ్గర లక్ష గంటల నమ్మకమున్న యంత్రం ఉండకపోవచ్చు, దారిని వంచే తెలివి మాత్రం ఉండవచ్చు. ఆ తెలివికి విలువ కట్టి ఇచ్చే నియమం ఇది.

సెయిల్ తేలాక నెరవేర్చాల్సిన భద్రతా లక్ష్యాల జాబితా వస్తుంది. 2.0 కూర్పులో అవి 24, 2.5లో కుదించి 17 చేశారు. రేడియో లింకు ఎలా ఉండాలి, ఆ రోజు వాతావరణాన్ని ఎలా చూడాలి, పైలట్ అలసిపోకుండా డ్యూటీలు ఎలా వేయాలి, మరమ్మతులు ఎవరు చేయాలి, ఇలా సాగుతుంది. కన్ను చేసిన మొదటి పని, చివరి పని ఇక్కడికి చేరాయి. ప్రతి లక్ష్యానికీ తక్కువ, మధ్యస్థం, ఉన్నతం అని స్థాయిలున్నాయి. మెయింటెనెన్స్ సంగతే తీసుకుంటే సెయిల్ 1, 2ల్లో తక్కువ స్థాయి చాలు, 3, 4ల్లో మధ్యస్థం, 5, 6ల్లో ఉన్నతం.

ఈ స్థాయిలను తూచే పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. ప్రతి దానికీ రెండు ముఖాలు: పని ఎంత బాగా చేశారు, చేసినట్టు రుజువు ఎంత గట్టిగా ఉంది. తక్కువ స్థాయికి దరఖాస్తుదారు మాట ఇస్తే చాలు. మధ్యస్థానికి పరీక్షల ఫలితాలో, అనుభవ రికార్డులో చూపాలి. ఉన్నతానికి బయటి సమర్థులు పరిశీలించి సరేననాలి. రెండు ముఖాల్లో తక్కువదే చివరి లెక్క. పారాచూట్ అద్భుతంగా ఉండి రుజువు మాటకే పరిమితమైతే అది తక్కువ స్థాయి పారాచూటే. రుజువు కాగితాలు దొంతరలుగా ఉండి పారాచూట్ అంతంతమాత్రమైతే, అదీ తక్కువే.

చివరి భాగం, పొరుగు నేల. ఎర్ర వలయం కూడా దాటి డ్రోన్ పారిపోతే? మూడు నిమిషాల్లో అది గరిష్ఠ వేగంతో పోగల దూరాన్ని లెక్క కట్టమంటారు. ఆ దూరం 5 కిలోమీటర్లకు తక్కువొస్తే 5, 35కి ఎక్కువొస్తే 35. సెకనుకు 25 మీటర్ల వేగంతో పోయేది మూడు నిమిషాల్లో నాలుగున్నర కిలోమీటర్లు పోతుంది కనుక చుట్టూ 5 కిలోమీటర్ల మేరంతా చూసుకోవాలి. అక్కడ జాతరో, బహిరంగ సభో జరుగుతుంటే, డ్రోన్‌ను హద్దులో ఆపే ఏర్పాటు మరింత గట్టిగా ఉండాలి. గట్టిగా అంటే వేరుగా ఉండాలని కూడా. డ్రోన్‌ను నడిపే కంప్యూటరే దాన్ని ఆపే బాధ్యత కూడా మోస్తే, అది చెడిన రోజున రెండూ చెడతాయి. మోటార్లను ఆపే పరికరం ఆ కంప్యూటర్ మీద ఆధారపడకుండా పనిచేయాలన్న పట్టుదల అందుకే.

ఈ పత్రం తాకని సంగతులున్నాయి. పెరట్లో ఉన్నవారిని పైనుంచి కెమెరా చూడటం, వారి గోప్యత, సోరా లెక్కలోకి రావు. వాటికి వేరే చట్టాలు కావాలి. రాతకోతల భారం కూడా తక్కువేమీ కాదు.

మన దగ్గర ఈ దారిలో ఒక అడుగు తెలుగు నేల మీదే పడింది. 2021లో కోవిడ్ టీకాలు డ్రోన్లతో చేరవేయడానికి తెలంగాణ ప్రభుత్వానికి కేంద్ర పౌర విమానయాన శాఖ, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ షరతులతో మినహాయింపు ఇచ్చాయి. ముందు కంటి ముందర ఎగరేసే మేరకే ఇచ్చారు. మే నెలలో దాన్ని కనుచూపు దాటే ప్రయాణాలకు విస్తరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 11న వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వంతో పాటు ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్, అపోలో వారి హెల్త్‌నెట్ గ్లోబల్ అందులో భాగస్వాములు. ముందు దగ్గర, ఆ తర్వాత దూరం అన్న ఆ క్రమం సరైనదే. అయితే మినహాయింపు అడిగినవారికి, అడిగినప్పుడు మాత్రమే దొరుకుతుంది. పట్టికగా రాసిన నియమం ఇంజినీరు బల్ల మీద, డ్రోన్ ఇంకా తయారు కాకముందే ఉంటుంది. రెక్క ఎంత వెడల్పు పెట్టాలి, పారాచూట్ కట్టాలా, దారి ఎటు తిప్పాలి అన్న నిర్ణయాలు దాన్ని చూసే జరుగుతాయి. కనుచూపు దాటే ప్రయాణాలకు మన దేశం రాసుకునే నియమాలు మన పొలాలకూ, మన జన సాంద్రతకూ తగిన పట్టికలతో, ఇలా లెక్క కట్టి చూసుకోగలిగే రూపంలో రావాలన్నది నా గట్టి కోరిక.

జారస్ ఈ పత్రాలను ఎవరైనా చదువుకునేలా ఉచితంగానే ఉంచింది. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, విజయవాడలోనో డ్రోన్లు కడుతున్న కుర్రవాళ్లూ, అమ్మాయిలూ ఒకసారి వాటిని తెరవండి. మీ ఊరి మ్యాపు పక్కన పెట్టుకుని, దగ్గర్లోని ఆసుపత్రి నుంచి మీ ఆరోగ్య కేంద్రానికి ఒక దారి గీయండి. నేల అంకె ఎంతో, ఆకాశం అక్షరం ఏమిటో, సెయిల్ ఎంత వచ్చిందో రాసుకోండి. ఆ తర్వాత దారి మార్చి మళ్లీ గీయండి.